ఏది ముందు

వంటింటి బల్ల మీద నా నాలుగేళ్లూ
ఒక్క కాగితంలో ఇమిడిపోయాయి.
ఎనిమిది గళ్లు.
నాన్న మంచు లోతు కొలిచే స్కేలుతో గీశాను,
అందుకే గీతలకి కాస్త వంకర.

బుధవారం పొద్దున ఏడింటికి రిజిస్ట్రేషన్.
ఏడూ అయిదుకల్లా మంచి ల్యాబులన్నీ నిండిపోతాయట.
చెప్పింది కింది వాటా ఓరెన్,
పోయినేడు పళ్లు తోముకుంటూ
కెమిస్ట్రీ పోగొట్టుకున్నవాడు.

కాగితం నిండా బాణాలే.
కాలిక్యులస్ లేనిదే ఫిజిక్స్ లేదు,
ఫిజిక్స్ లేనిదే స్టాటిక్స్ లేదు,
స్టాటిక్స్ లేనిదే వంతెన లేదు.
నాకు కావలసింది ఆ చివరిది.
కెమిస్ట్రీ మాత్రం ఓ మూలన నిలబడింది,
ఎవరి తరఫు చుట్టమో తెలియని మనిషిలా.

నాలుగో ఏడు గడిలో మాత్రం
ఎప్పుడో రాసేశాను, పెన్నుతో:
పొడవైన వంతెనలు, గాలి, ఊగిసలాట.
ఆలూ లేదు చూలూ లేదు.

"రెండు సైన్సులూ ఒకేసారి తీసుకుంటే?"
సలహా గదిలో శ్రీమతి టెర్వో
కళ్లజోడు తీసి తుడిచింది.
తుడవాల్సినంత మురికేం లేదు దానికి.
"తీసుకోవచ్చు ఐలా.
నిద్రకి ఎన్ని క్రెడిట్లు వేశావు?"

నిద్ర.
తెల్లారి నాలుగింటికి నేను బేకరీలో ఉంటాను.
ముల్లంగి, మాంసం కూరి పేస్టీలు మడుస్తాను,
ఒకప్పుడు రాగి గనుల్లోకి సద్దిగా వెళ్లినవి,
ఇప్పుడు టూరిస్టుల కార్లలోకి.
పిండి చల్లబడకుండా మడిస్తే చిరుగుతుంది.
ఎందుకు చిరుగుతుందో యజమానురాలికి తెలీదు,
చిరుగుతుందని తెలుసు.
ముప్పై ఏళ్లుగా జవాబు ముందు, ప్రశ్న తర్వాత.
ఆవిడనెవరూ ఫెయిల్ చెయ్యలేదు.

రాత్రి నాన్న డ్యూటీకి బయల్దేరుతూ
కాగితాన్ని తలకిందులుగా చూశాడు.
ఏప్రిల్ వచ్చినా మంచు బండి ఆగలేదు మా ఊళ్లో.
"ముందు ఏ వీధి తీస్తావు?" అడిగాను.
"ఆసుపత్రి కొండ."
"తర్వాత?"
"తర్వాత ఏది తీసినా రెండోది తిడుతుంది."
"మరి వరస ఎలా వేస్తావు?"
బూట్లు కట్టుకుంటూ కాసేపు ఆలోచించాడు,
ఆ సంగతి ఎవరూ అడగలేదేమో ఇన్నేళ్లూ.
"డిపో గేటు ఎడమకి తెరుచుకుంటుంది.
అందుకని ఎడమకి."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

అప్పుడు మళ్లీ చూశాను టైమ్‌టేబుల్.
కెమిస్ట్రీ ల్యాబు మంగళవారం ఒంటిగంటకి.
బేకరీ నుంచి బస్సు ఒంటీ పదికి.
ఫిజిక్స్ ల్యాబు గురువారం మూడింటికి.
ఇన్ని బాణాలు గీసిన నేను
బస్సుని ఏ గడిలోనూ పెట్టలేదు.

కెమిస్ట్రీని చెరిపి వసంతంలోకి జరిపాను.
చెరిపిన చోట కాగితం పలచబడి
అవతలి బల్ల చెక్క కనిపిస్తోంది.
ఫిజిక్స్ ముందు. కారణం గేటు.

బుధవారం, ఏడూ రెండు.
కాలిక్యులస్ దొరికింది.
ఫిజిక్స్ లెక్చర్ దొరికింది.
గురువారం ల్యాబులో నాది
వెయిటింగ్ లిస్టులో నాలుగో నంబరు.

పదకొండింటికి బేకరీ నుంచి నడిచి వస్తుంటే
కాలువ మీది వంతెన దగ్గర గంట మోగింది.
ఈ ఏటి మొదటి ఓడ.
ముందు గంట,
తర్వాత ఎర్ర దీపం, అడ్డుకర్రలు,
ఆ తర్వాత గాని రోడ్డు పైకి లేవదు.
ఓడ చాలా నెమ్మది.
నా వెనక ఓ ట్రక్కువాడు హారన్ కొట్టాడు,
ఎవరి మీదో తెలీదు.

ఎంత బరువు, ఏ తీగ మీద,
ఎదురుగా ఎంత బరువు వేలాడదీస్తే ఇంత తేలిగ్గా లేస్తోంది—
ఒక్క ముక్కా తెలీదు నాకు.
గోళ్లలో పిండి అలాగే ఉంది.
నాలుగో నంబరు జేబులో పెట్టుకుని
రోడ్డు కిందికి దిగేదాకా
నిలబడ్డాను.